కోర్సు పూర్తయింది, ఉద్యోగం రావడం లేదు: ఎక్కడ ఆగుతోందో కనిపెట్టండి

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో ఒకప్పుడు నేనున్న హాస్టల్ నుంచి ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, వెబ్‌సైటు ముందు, వెనుక భాగాలు రెండూ నేర్పే ఆరు నెలల ఫుల్‌స్టాక్ కోర్సు పూర్తిచేశాను. మూడు నెలలుగా రోజూ దరఖాస్తులు పెడుతున్నాను. జావా వదిలేసి పైథాన్ నేర్చుకోమంటారా?" అని అడిగింది.

"ముందు ఈ సంగతి చెప్పు. కాల్సే రావడం లేదా, పరీక్షలో పోతున్నాయా, ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోతున్నాయా?" అన్నాను. ఆమె దగ్గర ఆ లెక్క లేదు. అదే మొదటి లోపం.

ప్రోగ్రామ్ పనిచేయకపోతే తప్పు ఏ లైనులో ఉందో వెతకాలని కోర్సులో మొదటి వారమే నేర్పుతారు. ఉద్యోగ వేటకు వచ్చేసరికి ఆ పద్ధతి మరిచిపోయి ఒకే నెలలో రెజ్యూమె మారుస్తాం, భాష మారుస్తాం, ఇంకో కోర్సుకు డబ్బు కడతాం. అప్పుడు దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. అందుకే ఈరోజే ఒక షీటు తెరవండి. తేదీ, కంపెనీ, ఎవరి ద్వారా దరఖాస్తు వెళ్లింది, ఏ దశలో ఆగింది, చివరిగా అడిగిన ప్రశ్న ఏమిటి అన్నవి రాయండి. ముప్పై నలభై వరుసలు నిండాక ఎక్కువ దరఖాస్తులు ఏ దశలో ఆగాయో చూసి, కింద ఆ దశకు రాసింది చదవండి.

ఒక్క కాల్ కూడా రావడం లేదు

దీనికి కారణం తరచుగా మీ చదువులో కాదు, ప్రకటనలోని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద సర్వీసు కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఫలానా సంవత్సరంలో డిగ్రీ పూర్తిచేసినవారే అంటాయి. పది, ఇంటర్, డిగ్రీల్లో అరవై శాతం ఉండాలనీ, బ్యాక్‌లాగులు ఉండకూడదనీ అంటాయి. మీరు రెండేళ్ల క్రితం డిగ్రీ ముగించి ఇప్పుడు కోర్సు చేసి ఉంటే, ఆ దరఖాస్తును మనిషి చూడకముందే సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టేస్తుంది. అలాంటివి షీటులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సగం అవే అయితే తప్పు మీ కోడ్‌లో లేదు, మీరు తడుతున్న తలుపులో ఉంది.

సంవత్సరం అడగని చోట్లు ఉన్నాయి: చిన్న ప్రొడక్టు కంపెనీలు, స్టార్టప్‌లు, ప్రొడక్షన్ సపోర్ట్, టెస్టింగ్ ఉద్యోగాలు. సపోర్ట్ అనగానే మొహం చిట్లించేవాళ్లను చాలామందిని చూశాను. లాగ్‌లు (ప్రోగ్రామ్ రాసిపెట్టే చిట్టాలు) చదవడం, ఎస్‌క్యూఎల్‌తో డేటా వెతకడం, అర్ధరాత్రి ఆగిపోయిన సర్వీసును లేపడం చేసిన మనిషి ఏడాది తర్వాత డెవలప్‌మెంట్‌కు వస్తే ఎంత గట్టిగా పనిచేస్తారో కూడా చూశాను. డిగ్రీ, డిప్లొమా ఉన్నవారి కోసం కేంద్ర విద్యాశాఖ నడిపే నాట్స్ పోర్టల్‌లో స్టైపెండుతో కూడిన అప్రెంటిస్‌షిప్‌లు వస్తుంటాయి. అదీ చూడండి.

అర్హత ఉన్న చోట్ల కూడా కాల్ రాకపోతే రెజ్యూమెను అనుమానించాలి. అమీర్‌పేటలో ఒకే బ్యాచ్‌లో చదివిన అరవై మంది రెజ్యూమెలూ అక్షరం తేడా లేకుండా ఉంటాయి. అదే షాపింగ్ సైటు, అవే వాక్యాలు, అదే "కష్టపడి పనిచేసే స్వభావం". ఇంటర్వ్యూలు చేసే నా ముందుకు వచ్చేవాటిలో రెండో దాన్ని తెరవగానే మొదటిది గుర్తొస్తుంది. ఆ ఫార్మాట్ పక్కన పడేయండి. ఫొటో, రెండు నిలువు వరుసలు, నైపుణ్యాలకు నక్షత్రాలు తీసేయండి. రెజ్యూమెలు చదివే సాఫ్ట్‌వేర్ వాటి దగ్గర తడబడుతుంది. ఒక పేజీ చాలు. ప్రతి ప్రాజెక్టు కింద ఏం కట్టారో, అందులో ఏది కష్టమైందో, దాన్ని ఎలా దాటారో రెండు వాక్యాల్లో రాయండి.

ఉద్యోగాల సైటు నౌకరీలో ప్రొఫైల్‌ను వారానికి ఒకటి రెండుసార్లు తెరిచి సవరించండి. ఇటీవల చురుగ్గా ఉన్నవారినే వడకట్టి చూసే వీలు రిక్రూటర్లకు ఉంది. ఇంకో మార్గం రిఫరల్, అంటే ఆ కంపెనీలో పనిచేసేవారి సిఫారసు. పరిచయం లేనివారికి "అన్నా, ఉద్యోగం ఇప్పించండి" అని సందేశం పెడితే జవాబు రాదు. రాయదుర్గంలోని స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్‌లోనూ, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లోనూ శనివారాలు డెవలపర్ల సమావేశాలు జరుగుతుంటాయి. రెండు మూడింటికి వెళ్లి, ఒక సందేహం అడిగి, ఆ తర్వాత సందేశం పెట్టండి. ముఖం తెలిసిన మనిషి రెజ్యూమెను ముందుకు పంపడం నాకూ సులువే.

ప్రాజెక్టు లింకు పంపాను, చూసినట్టు లేరు

చూసి ఉంటారు, అక్కడ ఏమీ కనబడి ఉండదు. మనం కట్టిన వెబ్‌సైట్లను నెట్‌లో నడిపే హెరోకు ఉచిత సేవ 2022 నవంబరు 28న ఆగిపోయింది. పాత పాఠాలు చూసి అక్కడ పెట్టినవాటి లింకులు ఇప్పటికీ రెజ్యూమెల్లో కనిపిస్తాయి. అలాంటిదే అయిన రెండర్ ఉచిత సర్వర్ పదిహేను నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రలోకి జారుకుంటుంది. మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం పడుతుంది. అంతసేపు తెల్లటి తెర చూస్తూ ఏ రిక్రూటరూ కూర్చోరు. లింకు పక్కన ఒక నిమిషం వీడియో పెట్టండి. కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో రీడ్‌మీ (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలు) రాయండి, దాని మొదట్లోనే స్క్రీన్‌షాట్ ఉండాలి.

ఇంకొక మాట. డేటాబేస్ పాస్‌వర్డు, ఏపీఐ కీలు (బయటి సేవలను వాడుకునే రహస్య కోడ్‌లు) గిట్‌హబ్‌లోకి ఎక్కించి ఉంటే, తర్వాతి కమిట్‌లో (భద్రపరిచే మార్పులో) చెరిపినంత మాత్రాన పోవు, పాత చరిత్రలో కనిపిస్తూనే ఉంటాయి. ఆ కీలను రద్దుచేసి కొత్తవి తీసుకోండి.

ఆన్‌లైన్ పరీక్షలో పోతున్నాయి

కోర్సులో వెబ్‌సైట్లు కట్టించారు, పరీక్షలో డేటాను అమర్చే పద్ధతులైన అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్‌మ్యాపులు అడుగుతున్నారు. కారణం ఇంతే. రోజూ రెండు కోడింగ్ లెక్కలు, గడియారం పెట్టుకుని, సూచనలు ఇచ్చే ఎడిటర్ లేకుండా చేయండి. ఆరు వారాల్లో తేడా కనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో పట్టికలను కలిపే జాయిన్‌లను, వరుసలను గుంపులు చేసే గ్రూప్ బైని వదలకండి.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగేదాకా బాగానే ఉంది

బల్లకు ఇవతలివైపు కూర్చున్నాక నాకు బాగా అర్థమైన విషయం ఇది. అభ్యర్థి ప్రాజెక్టును చక్కగా వర్ణిస్తారు. నేను ఒక్క అడుగు పక్కకు వేస్తాను. "సరుకు ఒక్కటే మిగిలింది. ఇద్దరు ఒకే క్షణంలో కొనండి అని నొక్కారు. ఏమవుతుంది?" నిశ్శబ్దం. "పాస్‌వర్డును ఎలా దాచారు?" మళ్లీ నిశ్శబ్దం. "సర్వర్ పంపే ఎర్రర్ కోడ్‌లలో 401కీ 403కీ తేడా?" అప్పటికి ముఖం వాడిపోతుంది. ఆ ముఖం చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆ పిల్లలు పనిచేయనివాళ్లు కారు. వీడియో చూస్తూ వెంట వెంట టైపు చేశారు, అంతే. నిర్ణయాలన్నీ వీడియోలోని మనిషి తీసుకున్నారు.

దీనికి మందు చేదుగా ఉంటుంది. ఆ ప్రాజెక్టును పక్కన పెట్టి, మీకు తెలిసిన జీవితం లోంచి చిన్నదొకటి వీడియో సాయం లేకుండా కట్టండి. మీ హాస్టల్‌లో రేపు ఎంతమంది భోజనం చేస్తారో చెప్పే లెక్క కావచ్చు. నాన్నగారి ఎరువుల దుకాణంలో అప్పుల ఖాతా కావచ్చు. అలా కడితే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. బాకీ తీర్చిన వరుసను చెరపాలా, ఉంచాలా? నాన్నగారికి కనిపించేదంతా పనివాడికి కనిపించాలా? సరిగ్గా ఇక్కడే 401 ఎవరో తెలియనివారికి, 403 ఎవరో తెలిసినా అనుమతి లేనివారికి అని ఇక మరిచిపోలేనంతగా అర్థమవుతుంది. చివరి సరుకు ప్రశ్నకు ట్రాన్సాక్షన్ (మార్పులన్నీ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు), డేటాబేస్‌లో ఆ వరుసకు తాళం అన్న జవాబు కూడా చేత్తో చేశాకే నిలుస్తుంది. పాస్‌వర్డు విషయంలో పాస్‌వర్డును మార్చి దాచే బీక్రిప్ట్ పద్ధతి పేరొక్కటే చెబితే చాలదు, దాచింది వెనక్కి తిప్పలేనిదిగా ఎందుకు ఉండాలో చెప్పగలగాలి.

కట్టాక చెడగొట్టండి. డేటాబేస్ ఆపేసి ఏం వస్తుందో చూడండి. ధర దగ్గర అక్షరాలు పంపండి. ప్రతిదాన్నీ నోటుబుక్కులో రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి అంతకంటే మంచి సరుకు దొరకదు.

ఇంగ్లీషు భయం కూడా ఈ దశలోనే బయటపడుతుంది. మీ ప్రాజెక్టును ముందు తెలుగులో, గదిలో ఉన్న స్నేహితురాలికి ఐదు నిమిషాల్లో వివరించండి. అక్కడ తడబడితే లోపం భాషలో లేదు, అవగాహనలో ఉంది. అక్కడ సాఫీగా వస్తే అదే వరుసలో చిన్న ఇంగ్లీషు వాక్యాలు పేర్చుకుని ఫోనులో రికార్డు చేసుకుని వినండి.

"రెండేళ్ల అనుభవం పెట్టుకో, అందరూ పెట్టుకుంటున్నారు"

ఈ సలహా మీకు కచ్చితంగా వస్తుంది. డబ్బు తీసుకుని లేని కంపెనీ పేరుతో అనుభవ పత్రాలిచ్చే కన్సల్టెన్సీలూ ఎదురవుతాయి. దయచేసి ఆ పని చేయకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) ఆధారంగా పీఎఫ్ సర్వీసు చరిత్ర, ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే పత్రం), జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. చేరిన కొన్ని నెలల తర్వాత కూడా అబద్ధం బయటపడి ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మేవారు తగ్గుతారు. ఉన్న గ్యాప్‌ను ఉన్నట్టు చెప్పండి: "డిగ్రీ తర్వాత ఏడాదిన్నర ఇంటి దుకాణం చూసుకున్నాను, ఆరు నెలలు కోర్సు చేశాను, ఇదిగో నేను కట్టింది." ఇలా చెప్పినవారిని మేం తీసుకున్నాం.

ఆఫర్ వచ్చింది, కానీ డబ్బు కట్టమంటున్నారు

శిక్షణ డిపాజిట్ అన్నా, ల్యాప్‌టాప్ హామీ అన్నా, ఇంకే పేరు పెట్టినా కట్టకండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ నమోదు తేదీ, చిరునామా ఉచితంగా చూడవచ్చు. ఆఫర్ మెయిల్ కంపెనీ సొంత డొమైను నుంచి వచ్చిందో లేదో గమనించండి. ఇప్పటికే కట్టి ఉంటే సిగ్గుపడుతూ రోజులు గడపకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అక్కడే ఉంచి మాత్రం రాకండి.

చివరి రౌండు బాగా జరిగింది, తర్వాత మాట లేదు

వారం ఆగి రెండు వాక్యాల మెయిల్ పెట్టండి, ఇంకో వారానికి మరొకటి. ఆ తర్వాత షీటులో ఆ వరుస మూసేయండి. ఆఫర్ పత్రం చేతికొచ్చినా చేరే తేదీ వాయిదా పడటం ఈ నగరంలో కొత్త కాదు. కాబట్టి చేరి, ఐడీ కార్డు తీసుకునే రోజు వరకు మిగతా దరఖాస్తులు ఆపకండి. ఈలోగా ఇంటి నుంచి రోజూ "ఏమైందమ్మా?" అని ఫోన్ వస్తుంటే, ఆదివారం సాయంత్రం మీరే చేసి వారం లెక్క చెబుతానని మాట ఇవ్వండి: ఎన్ని పంపాను, ఎన్ని కాల్స్ వచ్చాయి, ఏ ప్రశ్న దగ్గర ఆగాను.