స్క్రూడ్రైవర్‌కు లొంగని తేడాలు చూసి గిటార్ కొనండి

చంద్రగిరి నుంచి నా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడు ఒకరోజు ఫోన్లో మూడు గిటార్ల బొమ్మలు చూపించాడు. యమహా పసిఫికా 112జె, అందులోనే 112వి, ఇంకొకటి స్క్వయర్ అఫినిటీ స్ట్రాట్ హెచ్‌ఎస్‌ఎస్. "మూడూ ఒకే మాదిరి ఉండాయి సార్, రేట్లు మాత్రం వేరేవేరే. ఏది తీసుకోమంటారు?" అన్నాడు.

వాడన్నది నిజమే. ఆకారం మూడింటిదీ 1954లో ఫెండర్ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ వంశమే. మూడింటి స్కేలూ, అంటే మోగే తీగ పొడుగు, 25.5 అంగుళాలు. తీగ కదలికను పట్టే పికప్‌లలో మెడ వైపు ఒకటి, నడుమ ఒకటి ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్స్, తీగల కింది కొసలు పట్టుకునే బ్రిడ్జి దగ్గర రెండు చుట్టల హంబకర్, ఐదు పొజిషన్ల స్విచ్, కడ్డీ పట్టి ఊపితే ఊగే బ్రిడ్జి. ఇంత దగ్గర పోలికలున్న వాటిలో ఒకటి ఎంచుకోవడమే కష్టం. లెస్‌పాల్ అనే వేరే జాతి గిటార్‌కూ స్ట్రాట్‌కూ మధ్య అయితే చెవే చెప్పేస్తుంది.

నేను ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నా. పద్దెనిమిదేళ్లుగా ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తున్నా. తిరుపతిలో పెళ్లిళ్లు, ఊళ్లలో జాతరలు. చిత్తూరు దాటితే సగం పాటలు తమిళంలోనే అడుగుతారు. ఒక్క రాత్రిలో అదే గిటార్ మీద శుభ్రమైన ప్లకింగ్ రావాలి, కట్ రిథమ్ రావాలి, డిస్టార్షన్ వేసి లీడ్ రావాలి, మధ్యలో పెద్దాయనెవరో అన్నమయ్య కీర్తన అడిగితే గమకం కూడా పలకాలి. అన్నిటికీ పనికొచ్చే గిటార్ అంటే నా లెక్కలో ఇదీ.

కుర్రాడికి చెప్పిందే ఇక్కడా చెప్తా. రెండు గిటార్ల మధ్య వినబడే తేడాల్లో సగం తేడాలే కావు. పాత తీగలు, పికప్ ఎత్తు, తీగల ఎత్తు, బ్రిడ్జి వెనక స్ప్రింగుల బిగువు, వీటన్నిటినీ ఇంట్లో కూర్చుని స్క్రూడ్రైవర్‌తో, అలెన్ కీతో మార్చుకోవచ్చు. ఫ్రెట్‌బోర్డ్ (మెడ మీద వేళ్లు నొక్కే పలక) వంపు, మెడ లావు, ఫ్రెట్ల (దాని మీది లోహపు మెట్ల) పనితనం, బ్రిడ్జి రకం మాత్రం మార్చలేం, మార్చినా గిటార్ అంత ఖర్చవుతుంది. డబ్బు ఈ రెండో రకానికి పెట్టాలి.

ఇది నాకు దెబ్బ తిని తెలిసింది. నా మొదటి సొంత గిటార్‌కు రెండు వైపులా లాక్ వేసే ఊగే బ్రిడ్జి ఉండేది. చూడ్డానికి బాగుందని, కడ్డీతో విచిత్రమైన శబ్దాలు చేయొచ్చని కొన్నా. తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో ఒక వీధి స్టేజీ మీద రెండో పాటలోనే మొదటి తీగ తెగింది. ఆ బ్రిడ్జి తీగల లాగుడుకూ వెనక స్ప్రింగుల లాగుడుకూ మధ్య తూకంలో నిలబడి ఉంటుంది. ఒక తీగ పోగానే స్ప్రింగులు గెలిచాయి, మిగతా ఐదు తీగలూ శ్రుతి మించి పైకి పోయాయి. మెడ పైకొసన నట్ దగ్గర లాకులు విప్పి, కొత్త తీగ వేసి, ఒక్కోటీ శ్రుతి చేస్తుంటే ముందు చేసింది మళ్లీ తప్పుతోంది. కీబోర్డ్ అతను ఒక్కడే నాలుగు పాటలు మోశాడు. స్టేజీ మీద పని చేసేవాళ్లెవరూ మొదటి గిటార్‌గా ఆ రకం కొనొద్దు. ఈ మాట మీద నాకు రెండో ఆలోచన లేదు.

సరే, చెన్నై వెళ్లాం. మూడు మోడళ్లను పక్కపక్కన పెట్టుకుని వాయించాలంటే మాకు దగ్గర అదే. మా వైపు వాళ్లకు వాద్యాలంటే మౌంట్ రోడ్డే. 1842లో మొదలైన మ్యూసీ మ్యూజికల్ అక్కడే ఉంది. పొద్దున్నే రైలెక్కాం. సంచిలో 9-42 సైజు తీగల ప్యాకెట్లు మూడు, ఒక చిన్న స్క్రూడ్రైవర్, వాడి సొంత కేబుల్.

దుకాణంలో మూడూ ఒకే ఆంప్‌కు తగిలించి వాయించాడు. రెండు నిమిషాల్లోనే "స్క్వయరే సార్, గలగలా పలకతా ఉంది" అన్నాడు. తీగల మీద వేలు పెట్టి చూడమన్నా. స్క్వయర్ తీగలు కొత్తవి, నున్నగా జారుతున్నాయి. రెండు పసిఫికాల మీదా ఎంతమంది చేతులు పడ్డాయో, తీగలు నల్లబడి గరుకుగా ఉన్నాయి. వాడు విన్న గలగల తీగలది, గిటార్‌ది కాదు. దుకాణంలో అడిగి, తీగల ఖర్చు మాదేనని చెప్పి మూడింటికీ ఒకే రకం తీగలు వేయించాం. అంత వీలు లేకపోతే కనీసం ఏ గిటార్ తీగలు ఎంత పాతవో చూసి ఆ మేరకు చెవిని సర్దుకోండి.

తర్వాత పికప్ ఎత్తు. ఒకదానిలో హంబకర్ తీగలకు బాగా దగ్గరగా ఉంది, అందుకే అది పెద్దగా మోగుతోంది. పెద్దగా మోగేది ఎప్పుడూ మంచిగానే వినిపిస్తుంది, చెవి చేసే మోసం అది. పక్కనున్న స్క్రూలు తిప్పి మూడింటినీ ఇంచుమించు ఒకే దూరానికి తెచ్చాం. ఆంప్ వాల్యూమ్ కూడా సరిచేసుకుంటూ, వాడిని గోడ వైపు తిప్పి నిలబెట్టి నేను వాయించా. ఒకే పాట ముక్క, ఒకే పిక్, ఎఫెక్ట్స్ ఏవీ లేకుండా. ఏది ఏదో చెప్పమంటే మెడ పికప్ మీద ఒక్కసారీ సరిగ్గా చెప్పలేకపోయాడు. హంబకర్ మీద మాత్రం 112విని ప్రతిసారీ పట్టాడు. 112జె పికప్‌లలో ఉండేవి సిరామిక్ అయస్కాంతాలు, 112విలో ఆల్నికో-5. మా చెవులకు సిరామిక్ మొదటి దెబ్బ కొంచెం గట్టిగా, ఆల్నికో కొంచెం గుండ్రంగా వినిపించింది. ఆంప్‌లో ట్రెబుల్ కాస్త తగ్గిస్తే ఆ తేడా కూడా సగానికి పడిపోయింది.

అప్పుడు అసలు పరీక్షకు వచ్చాం, గమకం. వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగి పై స్వరం పలికిస్తాం. గిటార్‌లో బెండ్ అనేదీ అదే. పాలకొల్లు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించడానికి జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గమకం కోసం వాద్యాన్నే మార్చుకున్నారాయన. మనం కనీసం గమకానికి ఒదిగే వాద్యాన్ని ఎంచుకోవాలి కదా.

పరీక్ష ఇట్లా చేయండి. మామూలు ట్యూనింగ్‌లో ఆరో తీగ పలికే 'ఈ' (E) స్వరాన్ని షడ్జం అనుకోండి. మూడో తీగ పదకొండో ఫ్రెట్ చతుశ్రుతి రిషభం అవుతుంది, పదమూడోది అంతర గాంధారం. మోహన అనుకుని రిషభం దగ్గర నుంచి తీగ లాగి గాంధారం అందుకోండి. పదమూడో ఫ్రెట్ విడిగా నొక్కి, లాగిన స్వరం అక్కడిదాకా వచ్చిందో లేదో సరిచూసుకోండి. ఇదే పని రెండో తీగ మీద, ఇంకా పైన పదిహేను, పదహారు ఫ్రెట్ల దగ్గరా చేయండి.

మూడు గిటార్లూ నిజంగా విడిపోయింది ఇక్కడే. స్క్వయర్ అఫినిటీ ఫ్రెట్‌బోర్డ్ వంపు 9.5 అంగుళాల రేడియస్. పసిఫికాలది 13.75 అంగుళాలు, అంటే బాగా చదును. వంపు ఎక్కువున్న బోర్డ్ మీద తీగను అడ్డంగా లాగితే అది బోర్డ్ నడిమి ఎత్తు మీదికి ఎక్కుతుంది, పై ఫ్రెట్‌కు తగిలి స్వరం టక్కున ఆగిపోతుంది. స్క్వయర్‌లో రెండో తీగ పదహారో ఫ్రెట్ మీద సరిగ్గా అదే జరిగింది. బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్ స్క్రూలు తిప్పి తీగ ఎత్తు పెంచితే పోతుంది, కానీ అప్పుడు ప్రతి లాగుడుకూ వేలికి బరువు. పసిఫికాలో తీగలు కిందికే ఉన్నా స్వరం చివరిదాకా నిలబడింది. అయితే ఒకే వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా వేసే బారె కార్డులు పట్టి రాత్రంతా రిథమే వాయించేవాళ్లకు ఆ 9.5 వంపే చేతికి హాయి. మా ఆర్కెస్ట్రాలో రిథమ్ వాయించే తమ్ముడికి నేనే స్క్వయర్ ఇప్పించా, నాలుగేళ్లుగా వాడుతున్నాడు.

ఇంకొకటి కూడా చూడండి. ఆరో తీగను శ్రుతిగా మోగనిస్తూ మూడో తీగ లాగండి. ఊగే బ్రిడ్జి గాల్లో తేలుతుంటే, ఒక తీగ లాగినప్పుడు బ్రిడ్జి కాస్త ముందుకు ఒరుగుతుంది, శ్రుతి తీగ కిందికి జారుతుంది. వీణ చెవి ఉన్నవాళ్లకు అది పంటి కింద రాయి. దుకాణంలో మూడింటికీ ఈ జబ్బు ఉంది. దీన్ని చూసి ఏ గిటార్‌నూ వద్దనుకోకండి, ఇది ఇంట్లో కుదిరే సంగతే.

ఇక హమ్. స్టేజీ మీద సీరియల్ లైట్లు, ట్యూబ్‌లైట్లు, పక్కనే జనరేటర్. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, సింగిల్ కాయిల్ ఆ గుయ్యి మంటున్న శబ్దాన్ని పట్టి స్పీకర్‌లో పోస్తుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు చుట్టి, అయస్కాంతాలను కూడా తిరగేసి పెడతారు. బయటి గోల ఒకదానిలోది ఇంకొకటి కొట్టేస్తుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. అందుకే మూడూ సింగిల్ కాయిల్సే ఉన్న గిటార్ కన్నా బ్రిడ్జి దగ్గర హంబకర్ ఉన్నది మా పనికి మేలు. 112విలో టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిలే పని చేస్తుంది, సన్నటి స్ట్రాట్ పలుకు వస్తుంది. వాల్యూమ్ కొంచెం తగ్గుతుంది, హమ్ కూడా తిరిగొస్తుంది. 112జెలో ఈ సౌకర్యం లేదు. కట్ రిథమ్ నుంచి లీడ్‌కు ఒక్క వేలితో మారాలనుకునే వాడికి దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు. ఇంట్లో వాయించుకునే వాడైతే 112జె తీసుకుని మిగిలిన డబ్బు ఆంప్‌కు పెట్టమంటా.

చెక్క గురించి గంటలు మాట్లాడతారు. మా శేషాచలం ఎర్రచందనం జపాన్‌లో షమిసెన్ అనే తీగ వాద్యం మెడలకు వాడతారు, అక్కడ చెక్కకు విలువుంది. గట్టి దుంగలాంటి ఎలక్ట్రిక్ గిటార్‌లో అయస్కాంతం పట్టేది తీగ కదలికను. చెక్క పేరు కన్నా బరువు చూడండి. బెల్టు వేసుకుని పావుగంట నిలబడండి. మూడు గంటల ప్రోగ్రామ్‌లో అరకిలో తేడా కూడా భుజానికి తెలుస్తుంది.

కొనే ముందు మెడ చూడ్డం మరవకండి. ఆరో తీగను మొదటి ఫ్రెట్ మీద, చివరి ఫ్రెట్ మీద ఒకేసారి నొక్కితే, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డ్ పట్టేంత సందు ఉండాలి. కొంచెం ఎక్కువ తక్కువ ఉంటే మెడలోని ట్రస్ రాడ్ అనే ఇనుప ఊచను పావు చుట్టు తిప్పి సరిచేయొచ్చు. మెడ మెలితిరిగి ఉంటే మాత్రం అక్కడే వదిలేయండి. ఫ్రెట్ల అంచులు చేతికి గీరుకుంటున్నాయేమో మెడ పొడుగునా అరచేయి జార్చి చూడండి.

కుర్రాడు 112వి తీసుకున్నాడు. రైల్లో పై బెర్త్ మీద పెట్టనివ్వలేదు నేను, రేణిగుంట దాటేదాకా మోకాళ్ల మధ్యే పట్టుకున్నాడు. ఏసీ షోరూమ్ నుంచి మే నెల తిరుపతి ఎండకు వచ్చిన చెక్క కదలకుండా ఉండదు. అందుకే వారం రోజులు గదిలో ఊరికే ఉంచి, ఆ తర్వాతే మెడ, తీగల ఎత్తు, ఇంటోనేషన్ (మెడ పొడుగునా శ్రుతి తప్పకుండా ఉండడం) సరిచేశాం. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ట్యూనర్‌లో ఒకటయ్యేదాకా శాడిల్ ముందుకూ వెనక్కూ జరపాలి.

ఆఖరున వెనక మూత విప్పాం. మూడు స్ప్రింగులున్నాయి. ఇంకో రెండు తగిలించి, వాటిని పట్టుకున్న రెండు స్క్రూలనూ బ్రిడ్జి ఒంటికి ఆనుకునేదాకా బిగించాం. ఇంక కడ్డీతో పైకి ఊపడం కుదరదు, వాడికి దాని అవసరమూ లేదు. మళ్లీ శ్రుతి చేసి, ఆరో తీగ మోగిస్తూ మూడో తీగ లాగమన్నా. రిషభం నుంచి గాంధారం చేరింది, కింద షడ్జం ఉన్నచోటే ఉంది. వాడు ఇంకోసారి లాగాడు, అట్లాగే ఉంది. "ఇప్పుడు వర్ణం మొదలుపెడదామా సార్?" అన్నాడు.