ఏళ్ళ తరబడి తెగని క్రిమినల్ కేసుపై మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు రాసే విధానం

క్రిమినల్ కేసు ఏళ్ళ తరబడి వాయిదాల మీద నడుస్తున్నప్పుడు విసిగిపోయిన ముద్దాయి గానీ, అతని కుటుంబం గానీ కమిషన్‌కు రాసే అర్జీలో తరచూ కనిపించే మాట ఒకటుంది: "నా కేసు త్వరగా తేల్చమని జడ్జిగారికి చెప్పండి." ఫిర్యాదును మొదటి మెట్టు మీదే నిలిపివేసేది ఈ మాటే. కోర్టు విచారణలో ఉన్న వివాదంలోకి కమిషన్ సాధారణంగా దిగదు. జడ్జికి ఆదేశమిచ్చే అధికారం దానికి లేదు. కాబట్టి అర్జీని జడ్జి మీద కాక, కేసు కదలడానికి చేయవలసిన పని చేయని ప్రభుత్వ ఉద్యోగి మీద రాయాలి. ఆ ఉద్యోగి ఎవరో, ఏ తేదీన ఏ పని చేయలేదో తేల్చుకోవడమే ఇందులో అసలు శ్రమ.

అందుకు ముందుగా కోర్టులో కాపీ అర్జీ పెట్టి డాకెట్ షీట్ల (ప్రతి వాయిదాలో జరిగింది కోర్టు రాసుకునే కాగితాల) సర్టిఫైడ్ నకళ్ళు తెచ్చుకోవాలి. ఈ-కోర్ట్స్ సైట్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కేటాయించే గుర్తింపు సంఖ్య) కొడితే వాయిదా తేదీలు కనబడతాయి గానీ, వాయిదా ఎందుకు పడిందన్నది డాకెట్ షీట్‌లోనే వివరంగా ఉంటుంది. ఆదోని దగ్గరి రైతు ఒకరి మీద 2017లో గట్టు తగాదా కేసు నమోదై, ఇంకా సాక్షుల దశ దాటలేదనుకుందాం. తేదీల వారీగా పట్టిక వేస్తే కొన్ని వాయిదాలు జడ్జి పోస్టు ఖాళీగా ఉన్నందువల్ల పడినవిగా తేలవచ్చు. కొన్ని, గాయాల సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరుకో, బదిలీ మీద వెళ్ళిన దర్యాప్తు అధికారికో సమన్లు అందనందువల్ల పడి ఉండవచ్చు. మరికొన్ని రైతే రాలేక వకీలు చేత గైర్హాజరు పిటిషన్ వేయించినవి కావచ్చు. వీటిలో మొదటి రకానికి హైకోర్టు పరిపాలనా విభాగానికి రాసుకోవాలి. రెండో రకం కమిషన్ ముందు పెట్టదగినది, ఎందుకంటే సమన్లు అందజేయడం పోలీసుల విధి. మూడో రకాన్ని దాచకూడదు. దాచితే అవతలి పక్షం దాన్నే ముందుగా బయటపెడుతుంది, ఆపైన మిగతా పట్టికనూ ఎవరూ నమ్మరు.

చట్టం విషయంలో అర్జీలో రెండు వాక్యాలు చాలు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలో (జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ) భాగమని సుప్రీంకోర్టు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో చెప్పింది. భారతదేశం 1979లోనే చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణం కూడా అనుచిత జాప్యం లేని విచారణను హక్కుగా గుర్తిస్తుంది. అయితే ఇన్నేళ్ళు దాటితే కేసు దానంతటదే పోవాలన్న నియమం మాత్రం లేదు. సుప్రీంకోర్టు 1991 నాటి అంతూలే తీర్పు జాప్యానికి కారణం ఎవరన్నది చూడమంది. 2002లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గడువు గీత గీయడానికి నిరాకరించింది. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీకి వ్యక్తిగత ఫిర్యాదు పంపే ఐచ్ఛిక ఒప్పందంలో మన దేశం చేరలేదు గనుక ఆ కమిటీకి రాసి ఎదురుచూడటం వృథా.

1993 నాటి మానవ హక్కుల రక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారించరాదు. అందుచేత 2017 నాటి ఎఫ్ఐఆర్‌తో కథ మొదలుపెట్టకుండా, గడిచిన పన్నెండు నెలల్లో సమన్లు అందని వాయిదాలను మొదటి పేరాలోనే తేదీలతో చూపి, పాత సంగతులను నేపథ్యంగా కింద రాయడం మంచిది.

అర్జీ తెలుగులో రాయవచ్చు, ఫీజు లేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలులో ఏర్పాటైంది. ఊరి నుంచి బయలుదేరే ముందు చిరునామా, పనివేళలు ఫోన్‌లో కనుక్కోవడం మేలు. ఇదే అర్జీని జాతీయ కమిషన్‌కు కూడా పంపకూడదు, ఒక కమిషన్ ముందున్న విషయాన్ని మరొకటి చేపట్టదు. పేరు, చిరునామా, కేసు నంబరు, పోలీసు స్టేషన్, తేదీల పట్టిక, నకళ్ళు జతచేయాలి. హైకోర్టులో పిటిషన్ ఏదైనా వేసి ఉంటే ఆ మాటా రాయాలి. కోరిక స్పష్టంగా ఉండాలి: సంబంధిత అధికారి నుంచి నివేదిక తెప్పించమని, బాధ్యుడిపై చర్యకూ నష్టపరిహారానికీ సిఫార్సు చేయమని. కమిషన్ ఇచ్చేది సిఫార్సే. విచారణ ఫలానా గడువులో ముగించమని ఆదేశం కావాలంటే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 528వ సెక్షన్ కింద హైకోర్టుకే వెళ్ళాలి.

ముద్దాయి కడప సెంట్రల్ జైలు వంటి చోట రిమాండులో ఉంటే దారి వేరు. బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం కాలం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారైతే మూడో వంతు గడిస్తే బెయిలు మీద విడుదల చేయాలి. మరణశిక్షకో యావజ్జీవానికో వీలున్న నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికీ అడ్డంకి ఉంది. ముద్దాయి వల్ల జరిగిన జాప్యాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆ కాలం పూర్తికాగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. అలా చేయకపోతే కమిషన్‌కు అంతకంటే సూటిగా చెప్పగల ఫిర్యాదు మరొకటి ఉండదు. ఖైదీకి ఉచిత న్యాయసహాయం హక్కు కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ వెంటనే సంప్రదించాలి. కమిషన్ జవాబు వచ్చేదాకా బెయిలు పిటిషన్ ఆపుకోనక్కరలేదు.

అర్జీ నమోదయ్యాక వచ్చే ఫైలు నంబరును భద్రపరచుకోవాలి. కమిషన్ పోలీసుల నివేదిక తెప్పించాక దాని ప్రతిని పంపి మీ అభిప్రాయం అడిగితే ఆ గడువు తప్పకూడదు. "చిరునామాలో సాక్షి లేడు" అని నివేదికలో రాసి ఉండి, ఆ సాక్షి అదే జిల్లాలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఉంటే, అతను పనిచేసే కార్యాలయం పేరు, సమన్లు తిరిగొచ్చిన తేదీలు పక్కపక్కన రాసి అదే గడువులో తిప్పి పంపాలి.