ఆవకాయ కత్తులు: కరెంటు సాన మీద పెట్టే ముందు

పచ్చడి మామిడికాయ బజారులోకి రాగానే అటక మీది కత్తిపీట, టెంకలు కొట్టే బరువు కత్తి కిందికి దిగుతాయి. సైకిలు సాన తొక్కుకుంటూ వచ్చే మనిషి కోసం ఎదురుచూడకుండా, పక్క వర్క్‌షాపులోని బెంచ్ గ్రైండర్ (రాతి చక్రం తిరిగే కరెంటు సాన) మీద సొంతంగా పట్టుకునేవాళ్లున్నారు. చెయ్యి తెగుతుందనే భయం అందరికీ ఉంటుంది. కానీ వాలు, అంటే కత్తి చక్రానికి ఆనే కోణం, నిలవకపోతే ముందు పాడయ్యేది కత్తే.

6 అంగుళాల చక్రాన్నే తీసుకోండి. చక్రం గుండ్రం కాబట్టి, కత్తిని అదే వాలులో పట్టుకున్నా తాకే చోటు 13 మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగితే కోణం సుమారు 10 డిగ్రీలు మారిపోతుంది. వేలెడు వెడల్పు కూడా కాదది! అందుకే "నా చెయ్యి కదలదు" అనేవారి మాట నేను నమ్మను. టూల్ రెస్ట్‌ను (చక్రం ముందుండే ఆనుడు పలకను) కావలసిన వాలుకు వంచి బిగించి, కత్తిని దాని మీద ఆనించే జరపాలి. కూరగాయల కత్తికి ఒక్కోవైపు 15 నుంచి 20 డిగ్రీలు చాలు. టెంక కొట్టే కత్తికి 25 దాకా ఉంచండి, పలచన చేస్తే వాదర (పదునైన అంచు) పెచ్చులు లేస్తుంది.

వాలు కుదిరిందో లేదో చూడటానికి వాదర వెంట మార్కర్ పెన్నుతో గీయండి. ప్లగ్గు తీసేసి, కత్తిని ఆనించి, చక్రాన్ని చేత్తో కాస్త తిప్పండి. సిరా అంచునే పోతే వాలు ఎక్కువైంది, కత్తి వీపు వైపు పోతే తక్కువైంది. సిరా పట్టీ మొత్తం పోవాలి. చక్రం అరిగేకొద్దీ ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. రెస్ట్‌కూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటితే పలచటి కత్తిని చక్రం లోపలికి లాగేస్తుంది.

రవ్వలు ఎంత లేస్తే అంత పదును అనుకోకండి, రవ్వలై పోతున్నది మీ కత్తే. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే చక్రం పలచటి అంచును క్షణాల్లో కాలుస్తుంది. అంచు నీలిరంగు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల సెల్సియస్ దరికి చేరినట్టే. కమ్మరి పెట్టిన పానం (కాచి ఇచ్చిన గట్టిదనం) అక్కడ దిగిపోయి ఉక్కు మెత్తబడుతుంది. పక్కనే నీళ్ల గిన్నె పెట్టుకుని, ఒక్కో లాగుకూ ముంచండి. నొక్కొద్దు. మొన చక్రం అంచు దాటి జారకముందే కత్తిని ఎత్తేయండి, లేదంటే మొన గుండ్రమవుతుంది.

కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు, వేలాడే చున్నీ, పైట కొంగు వద్దు, చక్రం పట్టుకుని లాగుతుంది. కొత్త చక్రాన్ని బిగించే ముందు చెక్క పిడితో తట్టండి. ఖంగున మోగాలి, మొద్దు శబ్దం వస్తే లోపల బీట ఉన్నట్టే. స్విచ్ వేశాక ఒక నిమిషం పక్కకు నిలబడండి. గుడ్డ చక్రం మీద మెరుగు పెట్టేటప్పుడు వాదర చక్రం తిరిగే వైపుకే ఉండాలి, ఎదురు పెడితే కత్తి ఎగిరి వస్తుంది. కత్తిపీటను పలకతో సహా చక్రం దగ్గరికి తేవద్దు, ఆకురాయితో చేత్తోనే రాయండి.

పదును కాగితం మీద చూడండి, బొటనవేలి మీద కాదు. ఇనుప పొడి, రాతి రజను పోయేలా కడిగి, తడి లేకుండా తుడిచాకే మొదటి కాయ కొట్టండి.