పాత ఇంటికి వైరింగ్ మార్చేటప్పుడు సాకెట్ల ఎత్తును ఎలా గుర్తించాలి?

కోనసీమలోనూ, పాలకొల్లు, నరసాపురం వైపూ పాత పెంకుటిళ్లకు, మండువా లోగిళ్లకు కొత్తగా వైరింగ్ చేయించుకునేవారు వైరు ఏ కంపెనీది, స్విచ్చులు ఏ రంగువి అని రోజుల తరబడి ఆలోచిస్తారు. సాకెట్ నేలకు ఎంత ఎత్తున ఉండాలన్నది మాత్రం గాడి కొట్టే కుర్రవాడికి వదిలేస్తారు. అతడు టేపును నేలకు ఆనించి, అడుగు ఎత్తున సుద్దముక్కతో ఒక గీత గీసి, కట్టర్ ఆన్ చేస్తాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఇతరులు చేసిన పనిని సరిదిద్దడానికి నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువగా చెడి ఉన్నది ఆ గీతే.

కావలసిన సామాను కొంచెమే: టేపు, రసమట్టం, పెన్సిలు, టెస్టరు, లోపలి నీళ్లు కనబడే 15 మీటర్ల లెవెల్ గొట్టం. పాత లైను విప్పే ముందు మెయిన్ ఆపి ఊరుకోకుండా ఇన్వర్టర్‌ను కూడా ఆపించి, ప్రతి పాయింటు దగ్గరా టెస్టరు పెట్టి చూడాలి. వైరింగ్ పని లైసెన్సు ఉన్నవారి చేతే చేయించాలి. సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయాలి.

ఇక ఎత్తుల సంగతి. మన దేశపు విద్యుత్ నియమావళి గదుల్లో సాకెట్‌ను నేలకు 25 సెంటీమీటర్ల ఎత్తున గానీ 130 సెంటీమీటర్ల ఎత్తున గానీ పెట్టుకోవచ్చంటుంది, స్నానాల గదిలో మాత్రం 130కి తక్కువ ఎత్తులో పెట్టనే కూడదంటుంది. ఇంగ్లండులో కొత్తగా కట్టే ఇళ్లకు 45 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలన్న నిబంధన ఉంది. నడుం వంగనివారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి సాకెట్ చేతికి అందాలన్నది దాని ఉద్దేశం, పాత ఇంటికి వైరింగ్ మార్చేటప్పుడు అక్కడ కూడా అది తప్పనిసరి కాదు. మన డెల్టాలో మాత్రం 45కి తక్కువ ఎత్తున సాకెట్ పెట్టడానికి నేను ఒప్పుకోను, 25 సెంటీమీటర్ల ఎత్తు మెరక ప్రాంతాల పొడి గోడలకు సరిపోతుందేమో గానీ ఇక్కడి గోడలకు కాదు. సున్నంతో కట్టిన ఇటుక గోడకు కింది నుంచి నెమ్ము ఎక్కుతుంది. వర్షాకాలం వెళ్లాక గోడ అడుగుభాగం చూడండి: తెల్లటి ఉప్పు పొడి పొంగి, గోటితో గీస్తే రాలుతుంది. అందులో మెటల్ బాక్సు బిగిస్తే స్క్రూ పట్టే చెవులు రెండు మూడేళ్లకే తుప్పు తిని ఊడిపోతాయి, ఆ తరువాత ప్లగ్ లాగిన ప్రతిసారీ సాకెట్ కూడా చేతిలోకి వస్తుంది. అందుచేత నెమ్ము గీత ఎక్కడ ఆగిందో చూసి, దానికి కనీసం జానెడు పైన, ఎట్టి పరిస్థితిలోనూ 45 సెంటీమీటర్లకు తగ్గకుండా పెట్టాలి.

గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామాల్లో ఈ లెక్క కూడా చాలదు. 1986 వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో, 2022 జూలైలో ఎక్కడ ఆగాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గీతకు అడుగు పైన సాకెట్ ఉండాలి, అది 130 దాటినా సరే అక్కడే ఉండాలి. వైర్లు వెళ్లే పైపు గోడ నెత్తి మీదుగా వచ్చి కిందికి దిగాలే తప్ప, నేల వెంట వచ్చి పైకి ఎక్కకూడదు. దీపాలకు ఒక ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు), కింది సాకెట్లకు వేరే ఎం.సి.బి. పెట్టుకుంటే, నీళ్లు గుమ్మం దాకా వచ్చిన రాత్రి సాకెట్లను ఆపేసి దీపాల వెలుగులో సామాను అటక ఎక్కించుకోవచ్చు.

పిల్లలున్నారు కాబట్టి సాకెట్లన్నీ స్విచ్ బోర్డులోనే, నాలుగు అడుగుల పైన ఉండాలని చాలామంది పట్టుబడతారు. వారి భయాన్ని నేను కాదనను, కానీ అలా చేసిన ఇంట్లో నెల తిరక్కుండానే టీవీకీ, ఫోనుకూ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు వస్తుంది, అది నేల మీదే, పిల్లవాడి చేతికి అందేచోటే పడి ఉంటుంది. రంధ్రాలకు లోపల మూత (షట్టర్) ఉన్న సాకెట్, కరెంటు లీకైతే లైనును ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., సరైన ఎర్తు ఉంటే 45 సెంటీమీటర్ల సాకెట్ ఆ బాక్సు కన్నా ఎంతో క్షేమం.

మిగతావి త్వరగా చెబుతాను. స్విచ్ బోర్డు అడుగు అంచు 130 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. వంటింట్లో గట్టు మీద రాయి పరిచాక ఆ రాతికి 20 సెంటీమీటర్ల పైన సాకెట్ పెట్టాలి, పొయ్యికి నేరుగా పైన గానీ, సింకుకు 60 సెంటీమీటర్ల లోపు గానీ పెట్టకూడదు. ఏసీకి 210 సెంటీమీటర్లు. గీజరు సాకెట్ తల కన్నా ఎత్తున, దాని స్విచ్చు తలుపు బయట. దేవుడి గదిలో దీపం వెలిగించే గోడకు అసలు సాకెట్ వద్దు.

ఇప్పుడు అసలు పని, అంటే ఈ ఎత్తులను గోడ మీదికి ఎక్కించడం. ఇక్కడ తొందరపడితే పైన చెప్పిన అంకెలన్నీ వృథా అవుతాయి. పాత ఇంటి నేల మట్టంగా ఉండదు, పైగా వైరింగ్ తరువాత ఎలాగూ టైల్స్ పడతాయి. నా తొలి రోజుల్లో అంబాజీపేట దగ్గర ఒక ఇంట్లో పొడవాటి గోడ మీద నాలుగు సాకెట్ పెట్టెలను అప్పటి గచ్చు నుంచే కొలిచి 45 సెంటీమీటర్ల దగ్గర పెట్టాను. గచ్చు మండువా వైపు 4 సెంటీమీటర్లు వాలి ఉంది. టైల్స్ మట్టంగా వేయడానికి ఎత్తు వైపు 6, వాలు వైపు 10 సెంటీమీటర్ల మందం పడింది. చివరికి మొదటి పెట్టె 39 దగ్గర, ఆఖరి పెట్టె 35 దగ్గర తేలి, గోడ మీద మెట్లు దిగుతున్నట్టు కనిపించాయి. వాటిని తీసి పైకి జరపబోతే సున్నపు పూత రెండు బారల మేర పెచ్చుగా ఊడి కింద పడింది.

కాబట్టి ఏ గదిలోనూ నేల నుంచి కొలవకూడదు. ఇంట్లో మారనిది సింహద్వారం గడప ఒక్కటే. టైల్స్ పడ్డాక నేల ఆ గడపకు ఎంత దిగువన ఆగాలో తాపీమేస్త్రితో ముందే మాట్లాడి, ఆ మట్టానికి సరిగ్గా మీటరు పైన ద్వారబంధం పక్క గోడ మీద పెన్సిలుతో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తును మిగతా గదులకు తీసుకువెళ్లేది లెవెల్ గొట్టమే: ఒక మూతి దగ్గర నీళ్లను గుర్తుకు సరిపెడితే, అవతలి మూతిలో నీళ్లు అదే మట్టానికి నిలుస్తాయి. గొట్టం నింపేటప్పుడు బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు, చిన్న బుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. గొట్టం రెండు మూతులూ తెరిచి ఉండాలి. ఒక మూతి మీద బొటనవేలు ఉండిపోయిందంటే అవతలి చివర నీళ్లు ఎంతసేపు నిలబడినా ఆ గుర్తు తప్పే. గొట్టాన్ని ఎండలో పడేయకుండా, నీళ్లు ఊగడం ఆగేదాకా ఓపిక పట్టి, నీటి అంచుకు కళ్లు సమానంగా పెట్టి గుర్తు పెట్టాలి. గది తరువాత గది తిరిగి మళ్లీ సింహద్వారం దగ్గరికే రావాలి. తిరిగి వచ్చిన మట్టానికీ మొదటి గుర్తుకూ తేడా 3 మిల్లీమీటర్లు దాటితే అన్ని గుర్తులనూ చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. ఇద్దరు మనుషులకు ఇది ఒక పూట పని, దీనికి కూలీ ఎందుకని అనేవారితో నేను పని ఒప్పుకోను.

గుర్తులను కలుపుతూ గీత కొట్టాక, అన్ని ఎత్తులనూ ఆ గీత నుంచే, కిందికి గానీ పైకి గానీ కొలవాలి. 45 సెంటీమీటర్ల సాకెట్ అంటే గీతకు 55 దిగువన. వంటింటి నేల హాలు కన్నా 5 సెంటీమీటర్లు పల్లంగా ఉండబోతే అక్కడ 60 దిగువన. ఎత్తు అంటే పెట్టె అడుగు అంచు ఎత్తు అని పనివాళ్లందరికీ ఒకే మాట చెప్పాలి, ఒకరు అంచునూ మరొకరు మధ్యనూ లెక్కిస్తే మళ్లీ తేడా వస్తుంది. గాడి నిట్టనిలువుగానే కొట్టాలి. పాత గోడలకు సుత్తి, ఉలి కాకుండా కట్టర్ వాడాలి.

పెట్టెలు బిగించాక, గాడులు పూడ్చే ముందు, ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసుకుని దాచుకోవాలి. ప్లేట్లు పడ్డ రోజున ప్రతి సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్, ఎర్తు సరిచూసి, ఆర్.సి.సి.బి. మీది టెస్ట్ బటన్ నొక్కాలి. అది వెంటనే పడిపోకపోతే మార్పించేదాకా సాకెట్లకు కరెంటు ఇవ్వకూడదు.