సొంత బ్రౌజర్‌లో క్విక్‌జేఎస్: సమస్యలు - పరిష్కారాలు

క్విక్‌జేఎస్ 2019లో ఫాబ్రిస్ బెల్లార్ విడుదల చేసిన చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్, అంటే జావాస్క్రిప్ట్ కోడ్‌ని చదివి నడిపే ప్రోగ్రామ్. సీ భాషలో రాసుకున్న బ్రౌజర్‌కి దాన్ని కలపడం ఒక సాయంత్రం పని. తలనొప్పులు ఆ తర్వాత మొదలవుతాయి. నాకు ఎదురైనవాటిలో ఇంజిన్ తప్పు ఒక్కటీ లేదు. అన్నీ మన కోడ్‌కీ దానికీ మధ్య గట్టు తగాదాలే.

సమస్య: విడిగా నడిచే స్క్రిప్ట్, పేజీలో పెడితే సింటాక్స్ ఎర్రర్

స్క్రిప్ట్‌లో ఎక్కడా లేని '<' గుర్తు దగ్గర తప్పుందంటుంది. నేను దీని మీద ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. స్క్రిప్ట్‌ని నడిపే జేఎస్_ఎవాల్ ఫంక్షన్‌కి స్క్రిప్ట్ పొడవు ఇస్తాం కదా, అక్కడితో ఆగుతుందిలే అనుకుంటాం. ఆగదు. ఆ పొడవు అయిపోయిన చోట సున్నా బైట్ ఉండాలి. హెచ్‌టీఎమ్‌ఎల్ బఫర్‌లోంచి ముక్కను నేరుగా అందిస్తే అక్కడ సున్నా ఉండదు, స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ ఉంటుంది. పార్సర్ దాన్ని కూడా చదువుకుంటూ పోతుంది. స్క్రిప్ట్‌ని ఒక బైట్ ఎక్కువున్న వేరే బఫర్‌లోకి కాపీ చేసి, చివర సున్నా పెట్టండి.

సమస్య: 'డాక్యుమెంట్' అనేదే లేదంటోంది

ఉండదు మరి. డాక్యుమెంట్, విండో, సెట్‌టైమ్‌అవుట్, చివరికి కన్సోల్ కూడా జావాస్క్రిప్ట్ భాషలో భాగం కాదు. అవన్నీ బ్రౌజర్ ఇవ్వాల్సినవి. గ్లోబల్ ఆబ్జెక్ట్ తీసుకుని ఒక్కొక్కటీ తగిలించండి. విండో కోసం కొత్త ఆబ్జెక్ట్ చేయకండి, గ్లోబల్ ఆబ్జెక్ట్‌నే ఆ పేరుతో పెట్టండి. కన్సోల్‌ని అన్నిటికన్నా ముందు రాసుకోండి. అది లేకుండా మిగతావి వెతకడం చీకట్లో సూది వెతకడమే.

సమస్య: ప్రామిస్‌కి ఇచ్చిన 'దెన్' ఎప్పటికీ నడవదు

ప్రామిస్ అంటే తర్వాత రాబోయే ఫలితం, 'దెన్'కి ఇచ్చేది అది వచ్చాక నడవాల్సిన పని. క్విక్‌జేఎస్ ఆ పనుల్ని వరుసలో పెట్టి ఊరుకుంటుంది, తనంతట తాను నడపదు. జేఎస్_ఎక్సిక్యూట్‌పెండింగ్‌జాబ్‌ని వరుస ఖాళీ అయ్యేదాకా లూప్‌లో పిలవాలి. ప్రతి స్క్రిప్ట్ తర్వాతా, ప్రతి ఈవెంట్ కాల్‌బ్యాక్ తర్వాతా పిలవాలి. ఫ్రేమ్‌కి ఒకసారి చాల్లే అనుకుంటే టైమర్లు ప్రామిస్‌ల కంటే ముందు నడిచి పేజీలు వింతగా ప్రవర్తిస్తాయి.

సమస్య: ట్యాబ్ మూయగానే అసర్షన్ ఫెయిల్

పేజీ బాగానే నడుస్తుంది. మూసేటప్పుడు మాత్రం 'జీసీ_ఆబ్జ్_లిస్ట్ ఖాళీగా లేదు' అనే అర్థం వచ్చే అసర్షన్‌తో (కోడ్‌లో పెట్టిన తనిఖీ తప్పడంతో) ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఎక్కడో ఒక విలువని వదలడం మర్చిపోయారని దాని భావం.

ఇక్కడ లెక్క అప్పు పుస్తకం లాంటిది. జేఎస్_గెట్‌ప్రాపర్టీస్ట్ర్, జేఎస్_కాల్, జేఎస్_గెట్‌గ్లోబల్‌ఆబ్జెక్ట్ తెచ్చిచ్చినవి మీ ఖాతాలో పడతాయి, జేఎస్_ఫ్రీవాల్యూతో మీరే తీర్చాలి. జేఎస్_సెట్‌ప్రాపర్టీస్ట్ర్‌కి ఇచ్చిన విలువని అదే తీసేసుకుంటుంది, మీరు మళ్ళీ ఫ్రీ చేస్తే రెండుసార్లు తీర్చినట్టు. అప్పుడు క్రాష్ వేరెక్కడో, పది నిమిషాల తర్వాత వస్తుంది. మీ ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లుగా వచ్చినవి మీవి కావు, ముట్టుకోవద్దు. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌లాగా దాచుకోవాలంటే జేఎస్_డప్‌వాల్యూ చేసి, అంటే మీ ఖాతాలో ఇంకో పద్దు రాయించి దాచుకోండి, లిజనర్ తీసేసినప్పుడు ఫ్రీ చేయండి.

లీక్ ఏదో తెలియకపోతే క్విక్‌జేఎస్.సీ ఫైల్‌లో డంప్_లీక్స్ అనే లైన్‌కి కామెంట్ తీసి మళ్ళీ బిల్డ్ చేయండి. మూసేటప్పుడు మిగిలిపోయినవాటిని అదే చూపిస్తుంది.

లెక్కంతా సరిగ్గా ఉన్నా అసర్షన్ వస్తోందా? అయితే చక్రం పడింది. బటన్ తన క్లిక్ ఫంక్షన్‌ని పట్టుకుంది, ఆ ఫంక్షన్ తిరిగి బటన్‌ని పట్టుకుంది. మొదటి పట్టు మీ సీ కోడ్‌లో ఉంది కాబట్టి ఇంజిన్‌కి కనబడదు. మీ క్లాస్ డెఫినిషన్‌లో జీసీ_మార్క్ ఫంక్షన్ (మీ కోడ్ ఏయే విలువల్ని పట్టుకుందో ఇంజిన్‌కి చెప్పేది) ఇచ్చి, ప్రతి లిజనర్ మీదా జేఎస్_మార్క్‌వాల్యూ పిలవండి. ఫైనలైజర్ (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) రాసి దీన్ని వదిలేయడం చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను.

సమస్య: డాక్యుమెంట్.బాడీని దానితోనే పోల్చినా 'ఫాల్స్'

అడిగిన ప్రతిసారీ కొత్త ర్యాపర్ (మీ సీ నోడ్‌కి తొడుగులా ఉండే జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్) చేస్తున్నారు. అందుకే పేజీ ఆ ఎలిమెంట్ మీద పెట్టుకున్న సొంత ప్రాపర్టీలు కూడా మాయమవుతాయి. నోడ్‌లోనే ర్యాపర్‌ని దాచుకుని, అడిగినప్పుడల్లా డప్ చేసి ఇవ్వండి. ర్యాపర్ బతికుండగా నోడ్‌ని చెరిపేస్తే లోపలి పాయింటర్ గాల్లో వేలాడుతుంది, కాబట్టి చెరిపే ముందు జేఎస్_సెట్‌ఒపేక్‌తో దాన్ని నల్ చేయండి. మీ ఫంక్షన్లు కూడా నల్ వస్తే ఎర్రర్ ఇచ్చేలా ఉండాలి.

సమస్య: బ్రౌజర్ బిగుసుకుపోయింది, లేదా ఊరికే స్టాక్ ఓవర్‌ఫ్లో అంటోంది

మొదటిది పేజీలో ఆగని లూప్. జేఎస్_సెట్‌ఇంటరప్ట్‌హ్యాండ్లర్‌లో గడియారం చూసి, గడువు దాటితే 1 తిరిగి ఇవ్వండి. రెండోది సాధారణంగా థ్రెడ్ గొడవ. రన్‌టైమ్‌ని (ఇంజిన్ మొత్తం స్థితి ఉండే ఆబ్జెక్ట్‌ని) ఒక థ్రెడ్‌లో తయారుచేసి ఇంకో థ్రెడ్‌లో వాడితే ఇంజిన్ పాత స్టాక్ అడ్రస్‌తో లెక్క వేస్తుంది. కొత్త థ్రెడ్‌లో మొదటి పనిగా జేఎస్_అప్‌డేట్‌స్టాక్‌టాప్ పిలవండి. రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకే రన్‌టైమ్‌ని తాకకుండా కూడా చూసుకోండి, దానికి ఇంజిన్ లోపల తాళాలేమీ లేవు.