షెవ్రోలె 235తో కట్టిన హాట్ రాడ్: ట్యూనింగ్ నుంచి తొలి టెస్ట్ డ్రైవ్ దాకా

ఫోర్డ్ మోడల్ ఏ ఛాసిస్‌లో షెవ్రోలె వారి 235 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్‌ను కూర్చోబెట్టి హాట్ రాడ్ (పాత కారును వేగంగా పరుగెత్తేలా మార్చి కట్టిన బండి) కట్టుకునేవారు అమెరికాలో నేటికీ ఉన్నారు. 1953లో వచ్చిన తొలి కార్వెట్ స్పోర్ట్స్ కారుకు మూడు కార్బ్యురేటర్లతో (గాలిలో పెట్రోలు కలిపే సాధనాలతో) 150 హార్స్‌పవర్ ఇచ్చింది ఈ ఇంజనే. దీని ట్యూనింగ్‌లో నైపుణ్యం కన్నా ముందు వరుసక్రమం కావాలి: మొదట ఆయిల్, తర్వాత స్పార్క్, అవి రెండూ కుదిరాకనే కార్బ్యురేటర్. చాలామంది ఇంజన్ తడబడగానే కార్బ్యురేటర్ స్క్రూ మీద చేయి వేస్తారు. అక్కడి నుంచి ఏ లోపం ఎక్కడుందో తేల్చుకోవడం అసాధ్యమవుతుంది.

1954 నుంచి వచ్చిన 235లన్నిటిలోనూ బేరింగులకు ఆయిల్ పూర్తి ప్రెషర్‌తో అందుతుంది కాబట్టి హాట్ రాడ్‌కు వాటినే ఎంచుకోవడం మంచిది. కొత్తగా బిగించిన ఇంజన్‌ను స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులకు స్పార్క్ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను బయటికి తీసి, ఆ రంధ్రంలోంచి పొడవాటి కడ్డీతో ఆయిల్ పంపును డ్రిల్ మెషిన్‌తో తిప్పి, ప్రెషర్ గేజ్ ముల్లు లేచేవరకు ఆగాలి. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు కొత్తవైతే జింకు పాలు ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన వెంటనే వేగాన్ని నిమిషానికి 2000 నుంచి 2500 చుట్ల మధ్యకు తెచ్చి 20 నిమిషాలు అక్కడే నడపాలి. ఆ సమయంలో ఇంజన్‌ను ఐడిల్‌కు (బండి నిలిచి ఉన్నప్పటి తక్కువ వేగానికి) దించితే క్యామ్ అంచులు అరిగిపోతాయి. ఆయిల్ ప్రెషర్, నీటి వేడి చూపే గేజ్‌ల మీద నుంచి కళ్లు తిప్పకుండా ఒక మనిషి పక్కన ఉండాలి.

స్పార్క్ విషయంలో మొదట డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును తెంచే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ సరిచేయాలి. కొత్త పాయింట్లకు 0.019 అంగుళం, వాడినవాటికి 0.016. గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) కూడా మారుతుంది గనుక ముందు గ్యాప్, తర్వాత టైమింగ్ అనే వరుసను తారుమారు చేయకూడదు. డిస్ట్రిబ్యూటర్ గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకు స్పార్క్ అందే వరుస) 1-5-3-6-2-4. టైమింగ్ గుర్తు ఫ్లైవీల్ మీద దిగ్గొట్టిన చిన్న ఉక్కు గుండు. ఫ్లైవీల్‌ను కప్పే బెల్‌హౌసింగ్‌కు ఉన్న కిటికీలోంచి దాన్ని చూడాలి. మసి, గ్రీజు పట్టి అది కనిపించకపోవచ్చు కాబట్టి ముందే తుడిచి, దాని మీద తెల్ల రంగు చుక్క పెడితే స్పార్క్‌తో పాటే మెరిసే టైమింగ్ లైట్ వెలుగులో తేటగా మెరుస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసి మూసి, తక్కువ ఐడిల్‌లో ఆ గుండు సూచికకు ఎదురుగా నిలిచేలా డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి బిగించాలి.

ఇక కార్బ్యురేటర్. ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లకు గాలి, పెట్రోలు వెళ్లే దారులు మూడే. 1-2, 3-4, 5-6 జంటలుగా పంచుకుంటాయి. కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు మిశ్రమం పంచే పొడవాటి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పెట్రోలు అన్నిటికీ సమానంగా చేరదు. నడిమి జంటకు మిశ్రమం చిక్కగా (పెట్రోలు ఎక్కువగా), చివరి సిలిండర్లకు పల్చగా అందడం తరచుగా కనిపిస్తుంది. పైగా అసలు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీసేసి ఫెంటన్ కంపెనీ వంటివారి రెండు పైపుల మానిఫోల్డ్ బిగించినప్పుడు, ఇన్‌టేక్ అడుగున తగలాల్సిన వేడి తగ్గి, చల్లటి గోడల మీద పెట్రోలు తడిగా పేరుకుంటుంది. రేడియేటర్ వేడినీటిని ఇన్‌టేక్ అడుగు పలక గుండా తిప్పితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. చలి ప్రాంతాల్లో ఉండేవారు దీన్ని వదిలేయవద్దని నా గట్టి సలహా.

రెండు కార్బ్యురేటర్లుంటే వాటిని కలిపే లింకేజీని వదులు చేసి, గాలి కొలిచే మీటరును ఒక్కొక్కదాని నోటి మీద ఉంచి, ఐడిల్ స్క్రూలతో రెండూ ఒకే కొలత చూపేలా చేశాకే మళ్లీ కలపాలి. మిశ్రమం స్క్రూను నెమ్మదిగా పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు తెరిచి, వాక్యూమ్ గేజ్ అత్యధికంగా చూపే చోటు వెతకాలి. స్టాక్ (ఫ్యాక్టరీ) క్యామ్ ఉన్న ఆరోగ్యమైన ఇంజన్ సముద్రమట్టం దగ్గర 18 నుంచి 21 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ చూపుతుంది. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి మైలు ఎత్తున ఉన్న డెన్వర్‌లో 14 చూసి కంగారు పడనక్కర్లేదు. ముల్లు క్రమం తప్పకుండా ఒకే తీరున కిందికి దిగి లేస్తుంటే తప్పు కార్బ్యురేటర్‌లో కాదు, ఏదో ఒక వాల్వ్‌లో వెతకాలి.

రోడ్డెక్కే ముందు బ్రేకులు, స్టీరింగ్ ఇంజన్ కన్నా ముఖ్యం. పెడల్ నొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద, చక్రాల బ్రేకుల కన్నా కిందుగా ఉంటే బ్రేక్ గొట్టంలో కాస్త ప్రెషర్ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్, డిస్కులకు చదరపు అంగుళానికి 2 పౌండ్లది, డ్రమ్ములకు 10 పౌండ్లది తప్పనిసరి. లేకపోతే పెడల్ ఒక్కోసారి లోతుగా దిగిపోతుంది. ముందు బీమ్ యాక్సిల్‌కు క్యాస్టర్ (స్టీరింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) 5 నుంచి 7 డిగ్రీలు, టో-ఇన్ (ముందు చక్రాలు లోపలికి మళ్లే కొలత) 1/8 అంగుళం దగ్గర మొదలుపెట్టవచ్చు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. సొంతంగా కట్టిన బండి రిజిస్ట్రేషన్, తాత్కాలిక పర్మిట్ల నియమాలు అమెరికాలో ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది గనుక ఇక్కడివారు దీన్ని రోడ్డు మీద ప్రయత్నించరాదు.

తొలి డ్రైవ్ ఇంటి చుట్టుపక్కల వీధుల్లో, గంటకు 25 మైళ్లు దాటకుండా ఉండాలి. తిరిగొచ్చాక చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించి, బండి కింద పడుకుని ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, పెట్రోలు కారుతున్నాయేమో టార్చి వేసి చూడాలి. వేగం పెంచే కొద్దీ ముందు చక్రాలు వణికితే వేగం తగ్గించి ఇంటికి రావాలి. క్యాస్టర్, బుష్‌లు, టైర్ బ్యాలెన్స్ చూడకుండా మళ్లీ వెళ్లకూడదు. టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజన్‌లో టకటకమనే చప్పుడు) వినిపిస్తే టైమింగ్‌ను 2 డిగ్రీలు వెనక్కి తేవాలి.

మిశ్రమం అసలు సంగతి లోడ్ మీదనే తెలుస్తుంది. ఎగ్జాస్ట్‌లో పెట్టే ఆక్సిజన్ మీటరు ఒక్కో పైపులోని మూడు సిలిండర్ల సగటునే చెబుతుంది కాబట్టి ప్లగ్గుల రంగు చదవక తప్పదు. ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద కాసేపు నిలకడగా నడిపి, క్లచ్ నొక్కి, ఇగ్నిషన్ ఆపి, బండిని పక్కకు ఆపుకోవాలి. ప్లగ్గులు చల్లారాక తీసి, సిలిండర్ల వరుసలోనే బల్ల మీద పేర్చాలి. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరిపోయినట్టు. తెల్లగా, చిన్న మెరుపు చుక్కలతో ఉంటే పల్చన, మసి పట్టి నల్లగా ఉంటే చిక్కన. ఆరూ ఒకే తీరుగా పల్చనైతే రెండు కార్బ్యురేటర్ల జెట్లను (పెట్రోలు వచ్చే రంధ్రాలను) ఒక మెట్టు పెంచాలి. చివరివి మాత్రమే తెల్లబడితే జెట్లు ముట్టకుండా మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి లీకు, ఇన్‌టేక్ వేడి చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీ, వాతావరణపు వేడితో సహా పుస్తకంలో రాసుకోవాలి. 500 మైళ్లు తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, తీసిన ఫిల్టర్‌ను కోసి లోహపు రజను ఉందేమో చూసి, వాల్వ్ క్లియరెన్సులు మాన్యువల్ ప్రకారం మళ్లీ సరిచేయాలి.