ఆక్సొలాటిల్ తినడం మానేసిందా? ముందు ఆ ట్యాంకు కడగబాకండి

పోయిన వారం తిరుపతి కొర్లగుంటలో మాకు తెలిసినోళ్ళ ఇంట్లో రెండేళ్ళ ఆక్సొలాటిల్ చచ్చిపోయింది. చూసేదానికి బల్లి మాదిరి ఉండి, బతుకంతా నీళ్ళలోనే ఉండే కప్పల కోవ జీవి అది. ఎండకే పోయిందని వాళ్ళు అనుకుంటా ఉండారు. ఎండ ఒక్కటే కాదు. నాలుగు రోజులుగా తినలేదని భయపడి ఆదివారం పూట ట్యాంకు మొత్తం ఖాళీ చేసినారు, గోడలు పీచుతో రుద్దినారు, ఫిల్టర్‌లో ఉండే స్పాంజి కుళాయి కింద పెట్టి నల్లనీళ్ళు పోయి తెల్లనీళ్ళు వచ్చేదాకా పిండినారు, మిద్దె మీద ట్యాంకు నీళ్ళు పట్టి దాన్ని మళ్ళీ అందులో వదిలేసినారు. సోమవారం సాయంత్రం నేను పోయి చూసేసరికి తల పక్కన ఈకల మాదిరి విచ్చుకుని ఉండాల్సిన మొప్పలు పాలిపోయి ముందుకు మడుచుకుపోయి ఉండాయి, తోక కొస కొక్కెం లాగా వంగిపోయింది. మంగళవారం తెల్లారేసరికి లేదు.

ఆ ఇంట్లో పిల్లోడు ఏడుస్తా "శుభ్రంగానే ఉంచినాం కదా అంకుల్" అన్నాడు. వాడికి చెప్పలేకపోయిన మాట మీకు చెప్తా ఉండా, కత్తెర ఎండలు ఇంకా ముందర ఉండాయి కాబట్టి.

ఫిల్టర్ స్పాంజికి పట్టిన ఆ బంక మురికి కాదు. అందులో బ్యాక్టీరియా ఉంటుంది. ఆక్సొలాటిల్ విసర్జనలోంచి, మిగిలిపోయి కుళ్ళే తిండిలోంచి అమ్మోనియా పుడుతుంది, అది విషం. బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, అదీ విషమే, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా స్థిరపడేదానికి ఒక నెలకు పైనే పడుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కదా, దాని కింద పెట్టి పిండితే నెల కష్టం నిమిషంలో పోతుంది. తినడం మానేసిన జీవి అప్పటికే నీరసంగా ఉంటుంది, ఆ టైంలో దాన్ని విషంలో వదిలినట్టు అవుతుంది. పదిహేనేళ్ళుగా ట్యాంకులు పెడతా ఉండాను, నేను చూసిన చావుల్లో ఎక్కువ ఈ శుభ్రం వల్లే. స్పాంజి కుళాయి కింద పెట్టబాకండి. మరీ మూసుకుపోయి నీళ్ళు పారకపోతే ట్యాంకులోంచే ఒక బకెట్ నీళ్ళు తీసి అందులో రెండు సార్లు మెల్లగా పిసకండి, చాలు.

మరి తినకపోతే ఏం చేయాల? తిండి మార్చడం కాదు, నీళ్ళు చూడాల. మొదట థర్మామీటర్. ఆక్సొలాటిల్ మెక్సికో సిటీలో ఉండే సోచిమిల్కో చెరువుల్లో పుట్టిన జీవి, ఆ ఊరు సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉంది, అంటే మన హార్స్‌లీ హిల్స్ కంటే ఇంకా చానా ఎత్తు. 16 నుంచి 18 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. 20 దాటితే గమనిస్తా ఉండాల, 24 దాటి రోజుల తరబడి ఉంటే ముందు తిండి మానేస్తుంది, తర్వాత ఒంటి మీద దూది మాదిరి ఫంగస్ వస్తుంది. తిరుపతిలో మే నెలలో ఫ్యాన్ కింద ఉండే గదిలోనే నీళ్ళు 30 దాటతాయి. అందుకే నా మాట కటువుగా ఉన్నా చెప్తాను, చిల్లర్ (ట్యాంకు నీళ్ళు చల్లబరిచే మిషను) గానీ పగలూ రాత్రీ ఏసీ గానీ పెట్టలేని వాళ్ళు మన ఊర్లో దీన్ని కొత్తగా తెచ్చుకోబాకండి.

ఇప్పటికే ఉంటే, చిన్న ఫ్యాన్ నీళ్ళ పైభాగానికి తగిలేటట్టు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, నీళ్ళు తరుగుతాయి కాబట్టి రోజూ కొంచెం పోస్తా ఉండాల. లీటరు బాటిళ్ళు నాలుగు ఫ్రీజర్‌లో పెట్టుకుని మార్చి మార్చి ట్యాంకులో తేలేయండి, కరెంటు పోయినప్పుడు మిమ్మల్ని ఆదుకునేది అవే. ఐస్ గడ్డలు నేరుగా వేయబాకండి. గంటలో నాలుగైదు డిగ్రీలు దించబాకండి, ఆ కుదుపు కూడా చంపుతుంది.

వేడి సరిగ్గానే ఉంటే టెస్ట్ కిట్ చుక్కలు వేసి చూడండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాల. ఏ కొంచెం కనిపించినా పావు వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్ళు మార్చండి, మర్నాడు మళ్ళీ చూసి మళ్ళీ మార్చండి. ఒకేసారి మొత్తం కాదు. కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, చల్లారబెట్టి, వేడి సమానం అయినాకే పోయాల. మధ్యాహ్నం మిద్దె మీద సింటెక్స్‌లో నీళ్ళు చెయ్యి కాలేంత ఉంటాయి, అవి పట్టబాకండి.

ఇంకొకటి, అడుగున రంగురాళ్ళు. ఇది తిండిని నమలదు, నోరు తెరిచి నీళ్ళతో సహా పీల్చేస్తుంది, రాయి పక్కన ఉంటే రాయీ పోతుంది, పోయి పేగుల్లో ఇరుక్కుంటుంది. తినకుండా, విసర్జన లేకుండా, పొట్ట ఒక పక్క ఉబ్బి ఉంటే ఇదే అయ్యుండచ్చు, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. రాళ్ళు ఈరోజే తీసేయండి.

ఎన్నాళ్ళు ఆగచ్చు అంటే, బాగా పెరిగింది, ఒళ్ళు నిండుగా ఉండేది వారం పది రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. పెద్దదానికి మామూలుగానే రెండు మూడు రోజులకోసారి పెడతాం కాబట్టి ఒక పూట వదిలేసిందని కంగారు వద్దు. బొటనవేలంత పిల్లదైతే రెండు రోజులు కూడా ఎక్కువే.

తిండి వానపామే మేలు, రసాయనాలు వేయని వర్మీకంపోస్టు గుంతలోదైతే మంచిది. తడి గోనెపట్టాలో ఒక రోజు ఉంచి మట్టి కక్కించి, కడిగి, చీకటి పడినాక ప్లాస్టిక్ పట్టుకర్రతో ముక్కు ముందర మెల్లగా ఆడించండి. దీనికి చూపు తక్కువ, కదలికను వాసనను పట్టుకుంటుంది. మాది అయితే ఒక నిమిషం రాయి మాదిరి కదలకుండా ఉండి ఉన్నట్టుండి తల విదిల్చి సగం వానపాముని లోపలికి లాగేస్తుంది, మిగతా సగం పెదాల బయట మెలికలు తిరుగుతా ఉంటుంది. తినకపోతే తీసేయండి. గంట తర్వాత ముక్క కూడా మిగలకూడదు, పెద్ద సిరంజితో పీల్చేయండి.

నోరు తెరిచి బలవంతంగా పెట్టబాకండి.
చికెన్, మటన్ ముక్కలు వద్దే వద్దు.
చిన్న చేపలు తోడుగా వేయబాకండి, మొప్పలు కొరుకుతాయి, రోగాలు తెస్తాయి.
చేపల మందులు, ఆ నీలం పచ్చ సీసాలు, అంచనాగా పోయబాకండి, దీని చర్మం అన్నీ పీల్చేస్తుంది.
నాటుబాదం ఎండాకు వేస్తే తప్పు లేదు, దాంతో అమ్మోనియా మాత్రం పోదు.
ఆ గదిలో దోమల మందు, బొద్దింకల స్ప్రే, సాంబ్రాణి పొగ ఏదీ వద్దు.
సబ్బు చేత్తో ట్యాంకులో చెయ్యి పెట్టబాకండి.
లైటు ఆపేయండి.
ఫిల్టర్ నీళ్ళు జోరుగా కొట్టబాకండి, మొప్పలు ముందుకు మడుచుకుంటే దానికి అదే కారణం కావచ్చు.
ఎవరో చెప్పినారని ఆక్సొలాటిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టబాకండి, డాక్టర్ చెప్తేనే.
స్పాంజి కుళాయి కింద పెట్టబాకండి. మళ్ళీ చెప్తా ఉండా, స్పాంజి కుళాయి కింద పెట్టబాకండి.

వేడి, అమ్మోనియా రెండూ సరిగ్గా ఉండి కూడా పది రోజులు తినకపోయినా, పైకి తేలి దిగలేకపోతున్నా, ఒంటి మీద తెల్లటి దూది కనిపించినా ఆలస్యం చేయబాకండి. మన ఊర్లోనే వెటర్నరీ కాలేజీ ఉంది, పోయే ముందు ఫోన్ చేసి ఇట్లాంటి జీవుల్ని చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కోండి. తీసుకుపోయేటప్పుడు దాని ట్యాంకు నీళ్ళే మూతున్న డబ్బాలో పోసి, డబ్బాని థర్మాకోల్ పెట్టెలో పెట్టి, పక్కన ఒక ఐస్ బాటిల్ గుడ్డలో చుట్టి పెట్టండి. ఇంకో చిన్న సీసాలో ట్యాంకు నీళ్ళు విడిగా పట్టుకోండి, డాక్టర్ మొదట అడిగేది వాటినే. పొద్దున ఎనిమిది లోపల బయల్దేరండి.